ఒక కవి చేతిలో ఒక ఊరు

1919 సెప్టెంబరు 12 పొద్దున ఒక ఎర్ర ఫియట్ కారు ఏడ్రియాటిక్ తీరం వెంట ఫియూమే అనే రేవు పట్టణం వైపు వెళ్తోంది. లోపల 56 ఏళ్ల మనిషి. పొట్టిగా ఉంటాడు, తల మీద వెంట్రుక లేదు, కుడి కంటికి చూపు లేదు, ఆ రోజు ఒళ్లు కాలిపోతోంది కూడా. వెనక లారీల్లో ఇటలీ సైనికులు. లారీలు రావడం ఆలస్యమైతే దగ్గర్లోని మిలిటరీ డిపో వాళ్లను బెదిరించి తెచ్చుకున్నారు. రోంకీ అనే చిన్న ఊళ్లో బయల్దేరినప్పుడు వాళ్లు సుమారు రెండొందల మంది. దారిలో చేరినవాళ్లతో కలిపి రెండు వేలు దాటారు. వెళ్లమని వీళ్లకు పైనుంచి ఆర్డరేమీ లేదు. వీళ్లను ఆపమని మాత్రం ఉంది.

ఆపాల్సిన మనిషి జనరల్ పిట్టలూగా. ఫియూమే పొలిమేరల్లో ఎదురొచ్చాడు. కారులోని మనిషి దిగి, ఓవర్‌కోటు తెరిచి, ఛాతీ మీది పతకాలు చూపించి, కాల్చమని చెప్పాలనుకుంటే ఇక్కడ కాల్చమనండి అన్నాడు. జనరల్ చెప్పలేకపోయాడు. కాసేపటికి ఊళ్లో గంటలు మోగాయి, ఆడవాళ్లు పూలు చల్లారు. జ్వరంతో ఉన్న పెద్దమనిషి నేరుగా హోటల్‌కెళ్లి పడుకున్నాడు. లేపి, ఊరికి మీరే అధిపతి అని చెబితే "ఎవరు? నేనా?" అన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది.

అతని పేరు గబ్రియేలె దన్నుంజియో. ఇటలీలో అప్పటికి అంతకన్నా పేరున్న రచయిత లేడు. తుపాకీ గుండు పేలకుండా ఒక ఊరిని పట్టుకుని, పదిహేను నెలలకు పైగా ఏలాడు. అతను ఫాసిస్టా, ఫాసిజానికి గురువా, లేక తర్వాత ఇటలీ నియంత అయిన ముస్సోలినీ చేతిలో మోసపోయిన అమాయక కవా అనే వాదన నూరేళ్ల నుంచీ నడుస్తూనే ఉంది. నాకైతే ఆ ప్రశ్నలోనే తేడా ఉన్నట్టు అనిపిస్తుంది. అతను ఏ పార్టీవాడో తేల్చేముందు, రాజకీయాల్లోకొచ్చాక అతను చేసిన పనేమిటో చూడాలి. చేసింది రాతపనే. అంతకుముందు కాగితం మీద రాసేవాడు, తర్వాత మనుషుల మీద రాశాడు.

మొదట్నుంచీ అతనికి పబ్లిసిటీ విద్య పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది. 1863లో అబ్రుజ్జో ప్రాంతంలోని పెస్కారాలో పుట్టాడు. తండ్రి ఆస్తిపరుడు, ఊరి మేయరు. 16 ఏళ్లకే మొదటి కవితల పుస్తకం అచ్చయింది. దాని రెండో ముద్రణ వస్తున్న సమయంలో ఫ్లోరెన్సు పత్రిక ఒకదానికి ఒక వార్త అందింది: ఎంతో భవిష్యత్తున్న కుర్రకవి గుర్రం మీంచి పడి చనిపోయాడని. పంపింది ఆ కుర్రకవే. పత్రికలు సంతాపాలు రాశాయి, పుస్తకం పేరు జనం నోట్లో పడింది, తర్వాత కవి బతికే ఉన్నాడని తేలింది.

తర్వాతి ముప్పై ఏళ్లూ త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అవి ఒకే తీరులో సాగాయి. రోమ్‌లో పత్రికల్లో ఉద్యోగం, ప్రభువుల ఇంటి అమ్మాయితో పెళ్లి, ముగ్గురు కొడుకులు, లెక్కలేనన్ని ప్రేమ వ్యవహారాలు, యూరప్ అంతా చదివిన నవలలు. మహానటి ఎలెయొనోరా దూజెతో ఏళ్ల తరబడి బంధం, ఆ బంధాన్నే నవలగా రాసి అమ్ముకోవడం. 1897లో పార్లమెంటుకు కూడా ఎన్నికయ్యాడు. కూర్చున్నది కుడి పక్షం బెంచీల్లో. 1900లో ఒక రోజు లేచి, నేను జీవం వైపు వెళ్తున్నాను అని చెప్పి ఎడమ పక్షం వైపు నడిచాడు. ఆ ఏడాది ఎన్నికల్లో ఓడిపోయాడు. సిద్ధాంతం మారిందా అంటే, అంతకుముందు ఉంటే కదా మారడానికి. ఆ క్షణాన ఏ పక్క నాటకం రక్తి కడుతోందో అటు వెళ్లాడు, అంతే.

ఈలోగా అప్పులు. ఫ్లోరెన్సు దగ్గరి బంగళా, గుర్రాలు, వేట కుక్కలు, నౌకర్లు. ఎంత సంపాదించినా చాలేది కాదు. 1910లో పళ్లు చూపించుకోవడానికని చెప్పి పారిస్ వెళ్లాడంటారు. వెళ్లినవాడు ఐదేళ్లు తిరిగి రాలేదు. అప్పులవాళ్లు ఇంట్లో సామాన్లన్నీ వేలం వేయించారు. పారిస్‌లోనూ అదే దర్జా.

ఇక్కడ అతని అసలు సరుకు ఏమిటో చూడాలి. అతను పేర్లు పెట్టడంలో ఘనుడు. మిలాన్‌లో ఒక పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ చేతులు మారితే 1917లో దానికి 'లా రినషెంతె' అని పేరు పెట్టాడు. ఆ పేరుతోనే ఇప్పటికీ నడుస్తోంది. ఇటాలియన్‌లో ప్రతి వస్తువుకీ లింగం ఉంటుంది. మోటారు కారు ఆడా మగా అని జనం తేల్చుకోలేకపోతుంటే ఫియట్ అధిపతి ఆన్యెల్లికి ఉత్తరం రాసి, కారు స్త్రీ అని తీర్పిచ్చాడు. ఇవాళ్టికీ అది స్త్రీలింగమే. సాండ్‌విచ్‌కి ఇటాలియన్లు వాడే మాట కూడా ఇతను పెట్టిందే అంటారు. ఇవాళైతే యాడ్ ఏజెన్సీలు ఇతని ఇంటి ముందు క్యూ కట్టేవి. ఇవన్నీ సరదా విషయాలు. కొట్టుకి పేరు పెడితే ఎవరికీ నష్టం లేదు.

1915లో యుద్ధానికి పేరు పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలై తొమ్మిది నెలలైనా ఇటలీ ఎటూ చేరలేదు. పార్లమెంటులో ఎక్కువమందికి యుద్ధం ఇష్టం లేదు. ప్రభుత్వం మాత్రం ఏప్రిల్ 26న లండన్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, రష్యాలతో గుట్టుగా ఒప్పందం చేసుకుంది. ఆ గుట్టు జనానికి తెలియదు. మే 5న జెనోవా దగ్గర సముద్రం ఒడ్డున ఇటలీని ఏకం చేసిన యోధుడు గరిబాల్దీ మనుషుల స్మారకం ఆవిష్కరణకు దన్నుంజియోని పిలిచారు. అక్కడ మొదలుపెట్టి రోమ్ దాకా ఉపన్యాసాలే ఉపన్యాసాలు. యుద్ధం వద్దన్న పెద్దాయన, మాజీ ప్రధాని జొలిట్టి మీదికి జనాన్ని ఉసిగొల్పాడు. ఆ వీరంగానికి 'కాంతులీనే మే నెల' అని పేరొచ్చింది. నెలాఖరుకు ఇటలీ యుద్ధంలో ఉంది. ఇతనొక్కడి వల్లే దిగిందనడం అతిశయోక్తి, సంతకాలు ముందే అయిపోయాయి. కానీ ఆ సంతకాలకు జనం గొంతు తెచ్చిపెట్టినవాడు ఇతనే.

ఒకటి ఒప్పుకోవాలి. ఇతరులను యుద్ధానికి పంపి తను ఇంట్లో కూర్చోలేదు. 52 ఏళ్ల వయసులో సైన్యంలో చేరాడు. విమానాలెక్కి కరపత్రాలు చల్లాడు, బాంబులూ వేశాడు. 1916 జనవరిలో విమానం సరిగా దిగకపోవడంతో కన్ను పోయింది. రెండో కన్ను దక్కాలంటే నెలల తరబడి కళ్లకు కట్టుతో చీకట్లో కదలకుండా పడుకోవాలన్నారు. వెల్లకిలా పడుకుని, కాగితాన్ని సన్నని చీలికలుగా కోయించుకుని, ఒక్కో చీలిక మీద ఒక్కో వరస చేతి అందాజుతో రాసుకుంటూ పోయాడు. వాటిని కూతురు రెనాటా సర్దింది. దన్నుంజియోని అసహ్యించుకునేవాళ్లు కూడా ఆ చీకటిలో రాసిన వచనాన్ని పక్కన పెట్టలేరు. అందులో డాబు తక్కువ, నొప్పి ఎక్కువ.

అతని సాహసాల్లో అందరూ చెప్పేది 1918 ఆగస్టు 9 నాటి వియన్నా యాత్ర. ఇటలీ విమానాలు ఆల్ప్స్ దాటి శత్రువు రాజధాని మీదికెళ్లి, బాంబులకు బదులు కరపత్రాలు వేసి వచ్చాయి. అందులో నాకు నచ్చే వివరం వేరే ఉంది. కరపత్రాలు రెండు రకాలు. దన్నుంజియో రాసినది ఇటాలియన్‌లోనే ఉంది, వియన్నా జనానికి ముక్క అర్థం కాదు. జర్మన్‌లో అర్థమయ్యే కరపత్రాన్ని ఉగో ఒయెట్టి అనే ఇంకో రచయిత రాయాల్సి వచ్చింది. ఇతని పాఠకులు వియన్నాలో లేరు, ఇంటి దగ్గరున్నారు.

యుద్ధం ముగింపుకొచ్చింది. ఇటలీ గెలుపు ఖాయమైంది. ఆరు లక్షల మంది సైనికులు చచ్చిపోయారు. ఒప్పందంలో ఆశ పెట్టినవన్నీ రావేమో అని జనానికి అనుమానం. 1918 అక్టోబరులో దన్నుంజియో పేపర్లో రాశాడు: మా విజయమా, నిన్ను అంగహీనం కానివ్వం అని. అప్పటికి శాంతి చర్చలు మొదలే కాలేదు. దెబ్బ తగలకముందే గాయానికి పేరు పెట్టాడు. 'అంగహీన విజయం' అన్న రెండు ముక్కలు దేశమంతా పాకిపోయాయి. నిజానికి ఇటలీకి ట్రెంటో వచ్చింది, ట్రియెస్టే వచ్చింది, తరతరాల శత్రువు ఆస్ట్రియా సామ్రాజ్యం ముక్కలైపోయింది. ఓడిపోయిన దేశం కడుపుమంట అర్థమవుతుంది. గెలిచిన దేశానికి ఓడిన దేశం బాధ అంటించడం మామూలు పని కాదు. చరిత్ర పుస్తకాలు అతని సైనిక సాహసాల గురించి పేజీలకు పేజీలు రాస్తాయి గానీ, నా లెక్కలో అతను చేసిన అతి పెద్ద పని ఈ రెండు ముక్కలు.

ఆ గాయానికి ఒక చోటు కావాలి. అది ఫియూమే అయింది.

ఫియూమే కథలో ఉన్న తిరకాసు విడదీయకపోతే మిగతాది అర్థం కాదు. ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో అది హంగరీకి ఉన్న ఒకే ఒక పెద్ద రేవు. యుద్ధానికి ముందు సుమారు 50 వేల జనం. దాదాపు సగం మంది ఇంట్లో ఇటాలియన్ మాట్లాడేవాళ్లు, పావు వంతు క్రొయేషియన్లు, మిగతా వాళ్లు స్లొవీన్లు, హంగేరియన్లు, జర్మన్లు. చిన్న నది దాటితే సూషాక్, అక్కడ క్రొయేషియన్లే ఎక్కువ. రెండూ కలిపి లెక్కేస్తే ఒక జవాబు, విడివిడిగా లెక్కేస్తే ఇంకో జవాబు. ఒక్కో పక్షం తనకు నచ్చిన లెక్క చెప్పేది. అన్నిటికన్నా తమాషా, ఇటలీ సంతకం పెట్టిన ఆ రహస్య ఒప్పందంలోనే ఫియూమేని క్రొయేషియాకు వదిలేశారు. అంటే తను అడగని ఊరిని ఇవ్వలేదని ఇటలీ ఏడ్చింది. పారిస్ చర్చల్లో అమెరికా అధ్యక్షుడు విల్సన్ ససేమిరా అన్నాడు. ఇటలీ ప్రధాని ఓర్లాండో అలిగి బయటికొచ్చాడు, కొన్నాళ్లకు తిరిగి వెళ్లాడు, జూన్‌లో పదవి పోయింది. తర్వాత వచ్చిన నిట్టికి దన్నుంజియో ఒక తిట్టు పేరు పెట్టాడు, అదీ అంటుకుపోయింది.

యుద్ధం తర్వాత ఊరికి కాపలాగా ఇటలీ, ఫ్రాన్స్ లాంటి మిత్రదేశాల దళాలుండేవి. ఆ వేసవిలో ఫియూమేలో గొడవలై ఫ్రెంచి సైనికులు కొందరు చచ్చిపోయారు. దాంతో ఇటలీ దళాన్ని ఊరు ఖాళీ చేయమన్నారు. ఖాళీ చేసి రోంకీలో మకాం వేసిన ఆఫీసర్లలో ఏడుగురు ప్రమాణం చేసి, దన్నుంజియోకి ఉత్తరం పంపారు. ఎర్ర ఫియట్ కారు కథ అలా మొదలైంది.

తర్వాతి నెలల్ని తలుచుకుని ఇప్పటికీ మురిసిపోయేవాళ్లున్నారు. ఎందుకో అర్థం చేసుకోవచ్చు. యుద్ధం అయిపోయినా ఇంటికెళ్లాలనిపించని కుర్రాళ్లు, చిత్రకారులు, అరాచకవాదులు, పారిపోయి వచ్చిన సైనికులు అందరూ అక్కడ చేరారు. డబ్బు లేకపోతే దండు మనుషులు సముద్రం మీద ఓడలను దారి మళ్లించి సరుకు దించుకునేవారు. కొకైన్ బాహాటంగా దొరికేది. రేడియో మార్కోనీ తన ఓడ వేసుకుని వచ్చాడు, సంగీత నిర్వాహకుడు తొస్కనీనీ ఆర్కెస్ట్రా తీసుకొచ్చాడు. గుయిదో కెల్లర్ అనే పైలట్ ఉండేవాడు, ఒక గద్దను పెంచుకునేవాడు. 1920 నవంబరులో అతను ఒంటరిగా రోమ్ దాకా ఎగిరి, పార్లమెంటు భవనం మీద ముల్లంగి లాంటి దుంపలు కట్టిన మూత్రపు కుండ ఒకటి పడేసి వచ్చాడు. ప్రభుత్వం గురించి తమ అభిప్రాయం అన్నమాట.

రోజూ గవర్నరు బంగళా బాల్కనీలోంచి కవి ఉపన్యాసం. ఉపన్యాసం అనడం కూడా సరి కాదు. ఫియూమే ఎవరిది అని అతను అడుగుతాడు, మాది అని కింద వేల గొంతులు. యుద్ధకాలంలో తనే గ్రీకు కేకను తెచ్చి కల్పించిన ఎయా, ఎయా, అలలా. యుద్ధంలో ముందుండి దూకిన ఆర్దీతి దళాలవాళ్ల నల్ల చొక్కాలు, చాచిన చేతులతో రోమన్ సలాం, చనిపోయినవాళ్ల పేరు పిలిస్తే గుంపంతా 'హాజర్' అనడం. నాటక రచయిత కదా, ప్రేక్షకుల చేత డైలాగు చెప్పించడం తెలుసు. అలా చెప్పిన ప్రేక్షకుడికి ఆ నిర్ణయం తనదే అనిపిస్తుంది.

1920 సెప్టెంబరులో ఊరికి రాజ్యాంగం కూడా వచ్చింది. ముసాయిదా రాసింది ఆల్చెస్తె దె ఆంబ్రిస్ అనే కార్మిక నాయకుడు, దానికి నగిషీ చెక్కింది దన్నుంజియో. చదివితే ఆశ్చర్యమేస్తుంది. ఆడవాళ్లకు సమాన ఓటు, ఇటలీలో అది రావడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. కనీస వేతనం, వృద్ధాప్య పెన్షను, మత స్వేచ్ఛ. ఆస్తి హక్కు కూడా సమాజానికి పనికొచ్చినంత మేరకే. వృత్తుల వారీగా తొమ్మిది సంఘాలు, పదోది మాత్రం ఏ వృత్తికీ చెందదు, జాతి లోపల ఉదయించబోయే రహస్య శక్తులకని ఖాళీగా ఉంచారు. దె ఆంబ్రిస్ ఎక్కడ ఆగాడో, దన్నుంజియో ఎక్కడ కలం అందుకున్నాడో అక్కడ తెలిసిపోతుంది. సంగీతం రాజ్యానికి ఒక మత వ్యవస్థ లాంటిదని రాసి, కనీసం పదివేల మంది ఉచితంగా వినగలిగే హాలు కట్టాలని కూడా చట్టంలో పెట్టారు. నానాజాతి సమితికి పోటీగా అణగారిన జాతుల సమితి ఒకటి పెట్టాలనీ చూశారు. ఐర్లాండ్, ఈజిప్టు, ఇండియా లాంటి దేశాలవాళ్లను కలుపుకోవాలని ప్లాను. అదెక్కడా మొదలవలేదు. రాజ్యాంగం కూడా నిజంగా అమలు కాలేదు. నాలుగు నెలలు తిరక్కుండానే ఊరు చేజారింది.

ఇవన్నీ చెప్పి ఆపేస్తే అది పండగలా కనిపిస్తుంది. ఆ ఊళ్లో ఉంటున్నవాళ్ల సంగతి? ఇటలీ ప్రభుత్వం పెట్టిన దిగ్బంధం వల్ల రేవు పడుకుంది, పనులు లేవు, తిండి కరువు. క్రొయేషియన్ల దుకాణాల మీద దాడులయ్యాయి, ఊరొదిలి పోయినవాళ్లున్నారు. ఏ అణగారిన జాతుల సమితి గురించి బాల్కనీలో మాట్లాడారో, ఆ బాల్కనీ కిందే ఇది జరిగింది.

1919 డిసెంబరులో జరిగినదాన్ని చాలామంది ఒక వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం మొత్తం కథకి అదే కీలకం. ఇటలీ ప్రభుత్వం రాజీ ప్రతిపాదన పంపింది: ఊరికి రక్షణ మాది, వేరే ఎవరికీ ఇవ్వనివ్వం, మీ దండు మాత్రం వెళ్లిపోవాలి. ఊరి ఇటాలియన్ కౌన్సిల్ ఒప్పుకుంది. జనాన్ని అడుగుదామని దన్నుంజియో 18న ఓటింగ్ పెట్టించాడు. దండులోని మొండివాళ్లు ఓటింగులో గలాటా చేశారు. అయినా లెక్కపెట్టినంతలో ఒప్పుకుందామన్న ఓట్లే బాగా ఎక్కువ. అప్పుడతను ఓటింగ్ చెల్లదని ప్రకటించాడు. గమనించండి, ఓటేసింది క్రొయేషియన్లు కాదు, శత్రువులు కాదు. మూడు నెలల ముందు పూలు చల్లిన జనమే. ఫియూమే ఎవరిది అన్న ప్రశ్న బాల్కనీలోంచి అడిగితే ఒక జవాబొచ్చింది, బ్యాలెట్ పెట్టెలో అడిగితే ఇంకో జవాబొచ్చింది. అతనికి మొదటిదే కావాలి. తను రాసిన పాత్ర తన మాట వినకపోతే రచయిత ఆ పేజీ చింపేస్తాడు. ఇక్కడా అదే చేశాడు, కాకపోతే పేజీలో నిజం మనుషులున్నారు.

ముగింపు దగ్గర పడింది. 1920 నవంబరు 12న రపాల్లోలో ఇటలీ, క్రొయేషియన్లు చేరిన కొత్త యుగొస్లావ్ రాజ్యం ఒప్పందం చేసుకున్నాయి. ఫియూమే రెంటికీ చెందని స్వతంత్ర నగరం. ప్రధాని ఎవరంటే, 1915లో ఇతను జనాన్ని ఉసిగొల్పిన ఆ జొలిట్టే, మళ్లీ వచ్చాడు. ముసలాయనకు తొందర్లేదు. క్రిస్మస్ ముందురోజు సైన్యాన్ని కదిలించాడు. పండగ రోజుల్లో పేపర్లు రావని, జనం ఇళ్లల్లో ఉంటారని ఆయనకు తెలుసు. 26న ఆంద్రేయా డోరియా అనే యుద్ధనౌక గవర్నరు బంగళా మీద గుండు వేసింది. పెచ్చులూడి కవి తలకు చిన్న దెబ్బ తగిలింది. ఆ నాలుగైదు రోజుల్లో రెండు వైపులా కలిపి యాభై మంది దాకా పోయారు, ఇటాలియన్లను ఇటాలియన్లే చంపుకున్నారు. ఫియూమే లేదా చావు అన్న మనిషి లొంగిపోయాడు. క్రిస్మస్ విందుల్లో మునిగిన ఈ జాతి కోసం చావడం దండగ అన్న అర్థం వచ్చే మాటలు అన్నాడు. జనవరిలో కారెక్కి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ముస్సోలినీ. ఊరు పట్టుకున్న నాలుగు రోజులకే దన్నుంజియో అతనికి ఉత్తరం రాశాడు. సాయం చేస్తానని ఊరికే మాటలు చెబుతున్నావు, భయంతో వణుకుతున్నావు అని దులిపేశాడు. అప్పటికి ముస్సోలినీ ఒక పేపరు ఎడిటరు, వెనక ఉన్నది పిడికెడు మంది. అతను ఆ ఉత్తరంలో తిట్లన్నీ తీసేసి, మిగిలినది తన పేపర్లో వేసుకున్నాడు. చదివినవాళ్లకు కవి తన మిత్రుడికి ఆప్యాయంగా రాసినట్టే ఉంది.

తర్వాత జరిగిందంతా ఆ ఎడిటింగే అనిపిస్తుంది నాకు. బాల్కనీ, నల్ల చొక్కా, సలాం, కేకలు, గుంపు చేత జవాబు చెప్పించడం ఉంచుకున్నాడు. ఆడవాళ్ల ఓటు, కనీస వేతనం, మత స్వేచ్ఛ, సంగీతం కొట్టేశాడు. అంతకుమించిన తేడా ఒకటుంది. దన్నుంజియోకి పార్టీ లేదు, ఊరూరా శాఖల్లేవు, నెలనెలా చందాలు వసూలు చేసే ఓపిక లేదు. ముస్సోలినీకి అవన్నీ ఉన్నాయి. ఫియూమే దండు వాళ్లు కూడా ఒకే దారిన పోలేదు. చాలామంది ఫాసిస్టు ముఠాల్లో చేరారు. కొందరు ఆయుధాలు పట్టి ఆ ముఠాల మీద తిరగబడ్డారు. రాజ్యాంగం రాసిన దె ఆంబ్రిస్ ఫాసిజాన్ని ఎదిరించి ఫ్రాన్స్‌లో ప్రవాసంలోనే చచ్చిపోయాడు. దన్నుంజియో ఫాసిస్టు పార్టీలో చేరలేదు. ఎదిరించనూ లేదు.

1922 ఆగస్టు 13న గార్దా సరస్సు ఒడ్డున తన ఇంటి కిటికీలోంచి పడి తల పగలగొట్టుకున్నాడు. మరో రెండు రోజుల్లో నిట్టి, ముస్సోలినీలతో కలిసి కూర్చోవాలన్న మాట నడుస్తోంది. ఎవరైనా తోశారా, తూలి పడ్డాడా తేలలేదు. అక్టోబరు చివర్లో ముస్సోలినీ మనుషులు రోమ్ మీదికి కదిలారు. రెండేళ్ల ముందైతే జనం దన్నుంజియో నడిపిస్తాడనుకున్న యాత్ర అది.

పాడైన పన్నుని పీకాలి, లేదా బంగారంతో నింపాలి, ఇతన్ని బంగారంతో నింపుదామనుకున్నాను అని ముస్సోలినీ అన్నట్టు చెబుతారు. నింపాడు. 1924లో ఇటలీ ఫియూమేని కలుపుకుంది, కవికి యువరాజు బిరుదొచ్చింది. అతని రచనలన్నీ ప్రభుత్వ ఖర్చుతో అచ్చయ్యాయి. ఇల్లు అంతకంతకు పెరిగింది. యుద్ధనౌక 'పూలియా' ముందుభాగాన్ని ముక్కలు చేయించి, కొండ మీదికి తెప్పించి తోటలో నిలబెట్టుకున్నాడు. వియన్నా వెళ్లిన విమానం హాల్లో పైకప్పుకి వేలాడదీశారు. భోజనాల గదిలో బల్ల చివర ఒక కంచు తాబేలు ఉంటుంది. తోటలో పూలు మితిమీరి తిని చచ్చిపోయిన పెంపుడు తాబేలు డిప్పకి తల, కాళ్లు పోత పోయించాడు, అతిథులు అతిగా తినకుండా గుర్తుండాలని. అన్నిటినీ అతిగా తిన్న మనిషి ఇంట్లో అది పెట్టడం, తెలిసే చేశాడనుకుంటా. హిట్లర్‌తో స్నేహం వద్దని ముస్సోలినీకి చెప్పి చూశాడు. వినే అవసరం అతనికి లేదు. 1938 మార్చి 1న, 74 ఏళ్ల వయసులో, తన బల్ల దగ్గరే పోయాడు.

మరి ఫియూమే వాళ్లు? 1921 ఏప్రిల్‌లో వాళ్లు మళ్లీ ఓటేశారు. ఇటలీలో కలవాలన్న కూటమిని ఓడించి, సొంతంగా ఉందామన్న జనెల్లా పార్టీని గెలిపించారు. మరుసటి ఏడు మార్చిలో ఫాసిస్టులు ఆ ప్రభుత్వాన్ని తుపాకులతో తరిమేశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఊరు యుగొస్లావియాకు వెళ్లింది, ఇటాలియన్లలో ఎక్కువమంది మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు. ఇప్పుడది క్రొయేషియాలోని రియేకా. ఫియూమే అన్నా రియేకా అన్నా అర్థం ఒకటే, నది.

2019 సెప్టెంబరు 12న, సరిగ్గా నూరేళ్లకి, ట్రియెస్టేలో అతని విగ్రహం పెట్టారు. క్రొయేషియా ప్రభుత్వం నిరసన తెలిపింది. విగ్రహంలో సైనిక దుస్తులు లేవు, పతకాలు లేవు, చాచిన చెయ్యి లేదు. బెంచీ మీద కాలు మీద కాలేసుకుని పుస్తకం చదువుకుంటున్నాడు.